తలుపు కింద సముద్రం

తెల్లవారితే సున్నివకు తండ్రి కుదిర్చిన జమీందారుతో పెళ్ళి. ఈ రాత్రే కొండ మీద నుంచి మంచుపై జారే స్కీలపై వచ్చి తీసుకుపోతానన్నాడు ఆమె ప్రేమించిన హాల్వర్.

తలుపు తట్టిన చప్పుడైంది. పక్కలో కాపలాగా పడుకున్న తల్లిని దాటి వెళ్ళి, సున్నివ గడియ మీద చేయి వేసింది. తలుపు కింద నుంచి నీళ్ళు వచ్చి పాదాలు తడిపాయి. సముద్రపు వాసన. హాల్వర్ కొండవాడు.

“నిద్ర నటించడం నీకొక్కదానికే వచ్చనుకున్నావా?” అంది తల్లి. “తియ్యకే. వాడు నావాడు.”

“అమ్మా!”

“నా పెళ్ళి ముందురాత్రి పడవలో వచ్చాడు. మీ తాతకు భయపడి ఈ తలుపే తియ్యలేదు. తిరిగెళ్తూ మునిగిపోయాడు. ఈ ఇంట్లో పెళ్ళంటే చాలు, వస్తాడు.”

తట్టడం ఆగింది. కొండ దిగుతున్న స్కీల చప్పుడు వాకిట్లోకి వచ్చి నిలిచింది.

“ఎవరు నువ్వు, అన్నా?” బయట హాల్వర్ గొంతు. “ఇంత చలిలో అలా తడిసిపోయావేంటి?”