మూడో మనిషి

“ఇద్దరితో కుదరదు బాబూ. రాత్రిపూట ఈ సముద్రం దాటాలంటే ముగ్గురుండాలి,” అన్నాడు రేవు మెట్ల మీద కూర్చున్న పెద్దాయన.

పడవ దగ్గరున్న అక్కాతమ్ముళ్ళలో తమ్ముడు వినిపించుకోనట్టే తాడు విప్పుతున్నాడు.

అవతలి ఒడ్డున, ఆసుపత్రిలో తండ్రి ఉన్నాడు. రేపు మధ్యాహ్నం దాకా ఉంటే గొప్పేనని డాక్టరు చెప్పినట్టు తల్లి ఫోన్ చేసింది. ఇంజను పాడై ఫెర్రీ రెండు రోజులుగా కదలడం లేదు.

మిగిలింది తమ్ముడి తెరచాప పడవ. ముగ్గురు కాళ్ళు ముడుచుకుని పడుకోగల గది, ఒక స్టవ్వు, ఒక దిక్సూచి. ఫ్రిజ్‌లు బాగుచేసే తమ్ముడు ఆదివారాలు దాన్ని తీరం వెంట తిప్పుతాడు. ఒడ్డు కనిపించనంత దూరం ఎన్నడూ పోలేదు. మందుల షాపులో పనిచేసే అక్క ఆ ఆదివారాల్లోనే పడవ ఎక్కనని మొరాయించేది.

ఒకరు చుక్కాని పట్టాలి, ఒకరు దీపాలు చూడాలి, ఒకరు పడుకోవాలి, మూడు గంటలకోసారి మారాలి అని చెప్పాడు పెద్దాయన. తానూ అవతలి ఒడ్డుకే వెళ్ళాలన్నాడు.

“టిక్కెట్టు లేని ప్రయాణం అన్నమాట,” అన్నాడు తమ్ముడు అక్క చెవిలో.

“ఎక్కనివ్వరా. నాకు భయంగా ఉంది,” అంది అక్క.

ఒడ్డు మీది దీపాలు ఒక్కొక్కటే నీళ్ళలో కలిసిపోయాయి.

పెద్దాయన ఇద్దరి నడుములకూ తాళ్ళు కట్టి పడవకు బిగించాడు. ముడి వదులైతే మళ్ళీ కట్టాడు. తెరచాప కాస్త దించమన్నాడు. తమ్ముడు ఆయనకు హెడ్మాస్టరని పేరు పెట్టాడు.

“మీ నాన్నగారికి స్పృహ ఉందా అమ్మా?” అని అడిగాడు పెద్దాయన.

సాయంత్రానికి ఉందని చెప్పింది అక్క.

రెండు గంటలయ్యాక మళ్ళీ అదే అడిగాడు.

మూడోసారి తమ్ముడికి విసుగొచ్చింది. “ఉందని చెప్పిందిగా. మీకెందుకండీ అంత ఆరా?”

పెద్దాయన నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. తన వంతు వచ్చినా పడుకోలేదు.

తెల్లవారుజామున దూరంగా ఒక దీపం కనిపించింది. చేపల పడవ అనుకున్నాడు తమ్ముడు. దాని పక్కనుంచే పోతే దగ్గర దారి.

“ఒకటి కాదు బాబూ, రెండు. ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయంటే ఓడ నేరుగా మన మీదికే వస్తోంది.”

తమ్ముడు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. పెద్దాయన ఆగలేదు. చుక్కాని పిడిని అవతలికి తోశాడు. పడవ ఒక పక్కకు ఒరిగి తిరిగింది. కాసేపటికి ఇనుప గోడ ఒకటి వాళ్ళ ముందు నుంచి పోయింది.

తమ్ముడు గడియారం చూసుకున్నాడు. “అరగంట పోయింది,” అన్నాడు.

పెద్దాయన పిడి అతనికిచ్చి వెనక్కి జరిగాడు.

రేవు కనిపించేసరికి ఏడున్నర. పెద్దాయన సంచిలోంచి ఇస్త్రీ చొక్కా తీసి తొడుక్కున్నాడు. తలకు నీళ్ళు రాసుకుని, వేళ్ళతోనే దువ్వుకున్నాడు.

“పెళ్ళికొచ్చినట్టున్నాడు,” అన్నాడు తమ్ముడు.

ఆ రేవులో ఒక కట్టడి ఉంది. కొత్తగా వచ్చిన పడవను అధికారి వచ్చి చూసేదాకా ఒక మనిషి అందులోనే ఉండాలి. అధికారి వచ్చేది తొమ్మిదింటికి.

“నేనూ ఒకసారి ఆసుపత్రికి వస్తాను బాబూ,” అన్నాడు పెద్దాయన.

“ఒకరు ఉండాలి కదండీ. మీరు వచ్చింది సాయానికే కదా.”

ఆయన అక్క వైపు చూశాడు.

అక్క చెప్పుల కోసం వంగి వెతుకుతోంది. చెప్పులు కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

“సరేనమ్మా. పిల్లలు కదా, ముందు మీరు చూడాలి,” అన్నాడు.

ఆసుపత్రి గదిలో తల్లి లేదు. కింద మందుల దగ్గర వరసలో నిలబడిందని నర్సు చెప్పింది.

తండ్రి ముఖానికి ఆక్సిజన్ తొడుగు ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కొడుకును చూశాడు, కూతుర్ని చూశాడు. ఆ తర్వాత వాళ్ళ భుజాల మీదుగా తలుపు వైపు చూశాడు. అక్కడినుంచి చూపు మరల్చలేదు.

చలిగాలి తగులుతోందేమో అనుకుంది అక్క. లేచి వెళ్ళి తలుపు మూసింది.

కాసేపటికి ఆయన కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.

తల్లి మందుల పొట్లంతో వచ్చింది. మంచం పక్కన కూలబడి చాలాసేపు భర్త చెయ్యి వదల్లేదు. తర్వాత తలెత్తి పిల్లలిద్దరి వెనకా చూసింది.

“మీతో వచ్చినాయన ఏరీ?”

“పడవలో ఉన్నాడు,” అన్నాడు తమ్ముడు. “నీకెలా తెలుసు?”

“అంత నీళ్ళ మీదికి మీ ఇద్దర్నే పంపుతానా? నేనే ఫోన్ చేసి పంపాను. తనెవరో మీకు చెప్పొద్దన్నాడు. మీ నాన్న మొహం చూశాక తానే చెప్పుకుంటానన్నాడు.”

“ఎవరమ్మా?” అంది అక్క.

తల్లి దుప్పటి అంచు సరిచేస్తూ చాలా మెల్లగా చెప్పింది.

“మీ బాబాయి. ముప్ఫై ఏళ్ళ పంతం వదులుకుని, ‘నా తమ్ముణ్ణి ఒక్కసారి పిలవవే’ అని మొన్న మీ నాన్నే అడిగారు.”