తలుపు తెరిచే లైను

చెల్లెలు ప్రోగ్రామింగ్ క్లాసులో చేరి వారమే అయింది. హోంవర్క్ చిన్నదే: తలుపు మూసి ఉన్నంతసేపు తెరమీద ‘కొట్టు’ అని పడుతూ ఉండాలి. నైట్ డ్యూటీకి వెళ్లిన అక్క వచ్చేలోగా ముగించాలని చకచకా రాసి ఎంటర్ నొక్కింది.

‘కొట్టు’ అని పడింది. వెంటనే వీధి తలుపు మీద దబ్బుమని దెబ్బ.

మళ్లీ పడింది. మళ్లీ దెబ్బ. తెర నిండిపోతోంది, తలుపు అదిరిపోతోంది. ఎన్ని మీటలు నొక్కినా ప్రోగ్రాము ఆగలేదు. చెక్క పగిలి గొడ్డలి అంచు లోపలికి దిగింది. దానికి ఎవరిదో జుట్టు తడితడిగా అంటుకుని ఉంది.

అక్కకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

“ఆగట్లేదక్కా.”

“ఎలా ఆగుతుందే మొద్దూ? తలుపు తెరిచే లైను రాసి ఉండవు. కొత్తలో అందరూ మర్చిపోయేది అదే.”

ఈసారి ఎగిరిన చెక్కముక్క చెంపను చీల్చుకుంటూ పోయింది. కారుతున్న రక్తాన్ని ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో ఆ లైను రాసి ఎంటర్ నొక్కింది.

దెబ్బలు ఆగిపోయాయి. ఇల్లంతా నిశ్శబ్దం.

“చూశావా, ఆగింది కదూ?” అంది అక్క.

తలుపు గడియ దానంతటదే మెల్లగా పక్కకు జరుగుతోంది.