నోట్లో నాలుగు కార్డులు

ప్రాజెక్ట్ మేనేజర్ ఓంకార్ తల పగిలి ఉంది. అతని నోట్లో ఎవరో నాలుగు అట్టకార్డులు కుక్కారు.

గచ్చిబౌలిలోని ఆ ఆఫీసు నాలుగో అంతస్తులో మీటింగ్ రూమ్ ఊడవడానికి తలుపు తీసిన సత్తెమ్మ చీపురు వదిలేసింది. కార్పెట్ మీద రక్తం. పక్కనే మంటలార్పే ఎర్రటి సిలిండర్. శవం మీదికి వంగి, మోచేతుల దాకా నెత్తురుతో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ నితీష్.

"వామ్మో! సారును సంపిండు!"

ఇరవై నిమిషాల్లో ఇన్‌స్పెక్టర్ లింగమూర్తి వచ్చాడు. వెనకే కానిస్టేబుల్ పెంటయ్య.

"నేను కాదు సార్," అన్నాడు నితీష్. "పొద్దున్నే వచ్చి చూస్తే పడి ఉన్నాడు. ఊపిరాడుతుందేమోనని నోట్లోవి లాగుతున్నాను."

పెంటయ్య అతని చెంప మీద ఒక్కటిచ్చాడు. నితీష్ పెదవి చిట్లింది.

లింగమూర్తి రుమాలుతో కార్డులు ఒక్కొక్కటే బయటికి తీశాడు. రక్తం తుడిచి కూడబలుక్కుని చదివాడు. "టైనీ. మైన్యూట్. మినిస్క్యూల్. నెగ్లిజిబుల్. ఏందిర ఇవి?"

"ఇంగ్లీష్ ట్రైనింగ్ కార్డులు సార్. ఇక్కడ అందరి టేబుళ్ల మీదా ఉంటాయి."

"ట్రైనింగ్ ఇచ్చెటాయనను పిలువుండ్రి."

కృపానందం వచ్చాడు. యాభై ఐదేళ్ల మనిషి, ఉతికిన తెల్లచొక్కా. ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. గుమ్మంలోనే ఆగిపోయాడు. శవం వంక చూడలేదు.

"సారూ, చిన్నదని చెప్పనీకి ఇంగ్లీషుల ఇన్ని మాటలెందుకు? జర సమజ్ చేయుండ్రి."

"ఒక్కోదానికి ఒక్కో కొలతండి. టైనీ అంటే బాగా చిన్నది, చీమంత. మైన్యూట్ అంటే కళ్లు చికిలించి వెతకాలి. మినిస్క్యూల్ అంటే ఉందో లేదో అన్నట్టుంటుందండి."

"మరి నెగ్లిజిబుల్?"

"ఉన్నా లెక్కలోకి రానిదండి."

"కంప్యూటరోళ్లకు ఇవన్నేం పని?"

"మన వల్ల జరిగిన తప్పు ఎంత పెద్దదైనా క్లయింటుకి చిన్నది చేసి చెప్పాలండి. మెయిల్లో పెద్ద మాట కనబడితే కాంట్రాక్టు పోద్ది. అందుకే కొత్తగా చేరినవాళ్లకి ముందు ఈ మాటలే నేర్పిస్తాం."

"మంచిగుంది మీ కొలువు!" లింగమూర్తి నితీష్ వైపు తిరిగాడు. "నిన్న ఓంకార్ కాలర్ పట్టుకున్నవంట?"

"పట్టుకున్నాను సార్. ఆస్పత్రుల్లో పేషెంట్లకి మందు ఎక్కించే పంపు ఉంటుంది కదా, దాని సాఫ్ట్‌వేర్ మాది. అది ఒక్కోసారి పది రెట్లు మందు ఎక్కిస్తోంది, మనిషి ప్రాణం పోతుందని రెండు నెలల కిందటే రాసిచ్చాను. క్లయింటుకి పోయిన మెయిల్లో మాత్రం 'టైనీ ప్రాబ్లం' అని ఉంది. పదిహేను రోజుల కింద ఒక పేషెంట్ చనిపోయారు. ఇప్పుడేమో తప్పు నాదేనని నా పేరు పైకి పంపాడు ఓంకార్."

"మాట మార్చిందెవరు?"

"ఇంకెవరు సార్? మెయిల్ ఓంకార్ పేరుతోనే పోయింది."

"అందుకే ఆ మాటలే ఆయన నోట్ల కుక్కినవ్."

"లేదు సార్! ఒట్టు!"

లింగమూర్తి సైగ చేశాడు. పెంటయ్య నితీష్ జుట్టు పట్టుకుని మొహాన్ని గాజు గోడకేసి కొట్టాడు. గాజు అదిరింది. మళ్లీ కొట్టాడు. ఈసారి పన్నొకటి ఊడి కార్పెట్ మీద పడింది. గాజుకి అవతల ఫోన్లు ఎత్తిపట్టుకుని నిలబడ్డ పాతికమంది ఉద్యోగులూ ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"ఒప్పుకుంటవా? లేకుంటే స్టేషన్ కాడ జీపు నువ్వు దిగవు, దింపుతం."

నితీష్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. నోట్లోంచి నెత్తురు తీగలా జారుతోంది. "మాస్టారూ... మీరైనా చెప్పండి మాస్టారూ..."

పెంటయ్య మూడోసారి జుట్టు అందుకున్నాడు. ఆ చేతి మణికట్టుని ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

కృపానందం.

"వదిలెయ్యండి. ఈ అబ్బాయి కాదు."

"సారూ, మీరు పక్కకు జరగుండ్రి. మీకేం ఎరుక?"

మాస్టారు జరగలేదు. పెంటయ్య చెయ్యీ వదల్లేదు.

"చంపింది నేనండి. రక్తం పడ్డ చొక్కా నా టేబుల్ సొరుగులో ఉంది, తీసుకోండి. ఆ పంపు పెట్టాక పోయిన పేషెంటు మా ఆవిడ మరియమ్మ. ఇన్నాళ్లూ జ్వరం ముదిరి పోయిందనే అనుకున్నాను. నిన్న ఈ అబ్బాయి అరుస్తుంటే ఆస్పత్రి పేరు చెవిన పడింది. పొద్దున ఎవరూ రాకముందే ఓంకార్‌ని ఇక్కడికి పిలిచి అడిగాను. 'వెయ్యి పంపుల్లో ఒక్కటి మాస్టారూ, నెగ్లిజిబుల్' అని నవ్వాడండి. ఆ నవ్వు ఆగేదాకా కొట్టాను, నేను నేర్పిన మాటలే నోట్లో కుక్కాను." ఆయన నితీష్ పక్కన కూర్చుని, తన రుమాలు అతని నోటికి అడ్డం పెట్టాడు. "కానీ మాట మార్చింది ఓంకార్ కాదు బాబూ. క్లయింటుకి పోయే ప్రతి మెయిలూ ముందు నా దగ్గరికే వస్తుంది, ఇంగ్లీష్ దిద్దడానికి. నువ్వు రాసిన 'డేంజరస్' కొట్టేసి 'టైనీ' అని పెట్టింది నేనే, అది ఏ మిషన్ గురించో చదవకుండా."