లోపలి కుట్లు

"ఈ సాఫ్ట్‌వేరే కొంటానక్కా," అంది చెల్లెలు, ల్యాప్‌టాప్‌ను అక్క కుట్టుమిషను పక్కకు జరుపుతూ. "ఇందులో వెబ్‌సైటు కడితే కస్టమరు దాన్ని ఇంకెక్కడికీ పట్టుకెళ్ళలేడు. ఏం మార్చాలన్నా నా దగ్గరికే రావాలి."

"మీ పాత బాసు వాడేది ఇదేగా?"

"అవును. నేను చేసిన మొదటి సైటు కింద తన పేరు వేసుకుని, నాకు పని చేతకాదని గెంటేశాడు. వాడి కస్టమర్లను ఒక్కొక్కళ్ళనే లాగి ఇందులో కట్టిపడేస్తాను."

"మరి ఆ రెండో సాఫ్ట్‌వేరు?"

"నేర్చుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. పైగా అందులో చేసిన పేజీలు ఎవడైనా తెరిచి మార్చుకోవచ్చు."

అక్క చేతిలోని గౌను తిరగేసింది. పక్క కుట్ల లోపల రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలింది, రేపు ఒళ్ళు చేస్తే విప్పి వదులు చేసుకోవడానికి.

ఆ గౌను ఎవరిదో చెల్లెలికి తెలుసు. "ఈవిడ ఇకనుంచి ఎదురు టైలరు దగ్గరికే వెళ్తానందిగా. వాడి పని నువ్వెందుకు సులువు చేయడం?"

"నాకు కత్తెర పట్టడం రాదని ఊరంతా చెప్పింది వాడే." అక్క దారం పళ్ళతో కొరికింది. "వదులు చేయాలంటే వాడు నా కుట్టు విప్పాలి. విప్పితే లోపల నా పనంతా కనిపిస్తుంది. కిక్కురుమనకుండా మళ్ళీ కుట్టివ్వాలి. నాకది చాలు."

చెల్లెలు గౌనును దీపం కిందకు లాక్కుని చూసింది. లోపల ఒక్క దారప్పోగు వేలాడటం లేదు.

ల్యాప్‌టాప్ దగ్గరకు లాక్కుంది.

"మా పాత బాసు తెరిచి చూసే రోజుకి నాదీ ఇలాగే ఉండాలి," అంటూ ఆ రెండో సాఫ్ట్‌వేరు మొదటి పాఠం తెరిచింది.