పైల్వాన్‌కు బండి

"కుక్కకు బండా?" అని ఐలేశం అరిచిన అరుపుకు దొడ్డిలో గొర్లన్నీ ఒక మూలకు జరిగాయి.

నిజంగానే వాకిట్లో ఎడ్లబండి నిలబడి ఉంది. తోలేవాడు యాదయ్య నొగల మీద కూర్చుని తమాషా చూస్తున్నాడు. బండి రైతు కిష్టయ్యది. తన చేలో ఎరువు కోసం మందను పడుకోబెట్టినందుకు ఆయన ఏటా జొన్నలు కొలిచి ఇచ్చేవాడు. ఈసారి ఐలేశం వదినె బీరమ్మ వెళ్లి, జొన్నలు వద్దు, మంద మేతకు వలసపోయే కృష్ణ ఒడ్డు దాకా బండి పంపమని అడిగి వచ్చింది. మరిదితో ఒక్క మాట చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. అన్న పోయిన నాటి నుంచి పెత్తనానికి గుర్తైన మంద కర్ర ఆమె చేతిలోనే ఉంది. ఆ కర్ర మీద కన్నుపడ్డప్పటి నుంచే ఐలేశానికి తిన్నది ఒంటబట్టడం లేదు.

బండెక్కాల్సిన మహానుభావుడు పైల్వాన్ గుమ్మం ముందు పడుకుని ఆవులిస్తున్నాడు. దొర గడి ఖాళీ చేసి పట్నం పోయినప్పుడు వదిలేసిన సీమకుక్క పిల్ల వాడు. ఇప్పుడు దూడంత అయ్యాడు. ఆ ఒడ్డూ పొడుగే వాడి కొంప ముంచింది. పోయిన వానల్లో వెనక కాళ్లు పట్టేసి, తుంటి ఈడ్చుకుంటూ తిరిగాడు.

"మందతోని నడవనోళ్లు ఊర్లనే ఉండాలె. మా నాయిన నాటి కట్టు ఇది" అన్నాడు ఐలేశం. "పోయినేడు మోకాళ్లు బిగుసుకుపోతే గుర్వయ్య పెదనాయిననే ఇడిసిపోయినం. గీ కుక్క ఎంత?"

"ఇడిసింది నువ్వు, నేను గాదు. మనం తిరిగొచ్చేసరికి ఏమైండు ఆయన? ఉన్నడా?"

ఐలేశం తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"మందల తిరిగిన పానం మందల్నే ఉంటది. పైల్వాన్‌ను ఇడిసిపోతే ఎవడో ఒకడు రాయితోని కొట్టి సంపుతడు. నేను ఇడువ" అంది బీరమ్మ.

"వానలప్పటి సంది ఆముదం రాస్తనే ఉన్నవ్. వావిలాకు కడుతున్నవ్, ఉప్పు మూటతోని కాపడం పెడుతున్నవ్. కుండల ఆముదం ఒడిసిపాయె! ఏనుగుకు గూడ గంత పట్టదు. ఆఖరికి ఏమన్న నయమైందా?"

"ఒక్క దినంల పోయే నొప్పి గాదిది. పొద్దుగాల లేసేటప్పుడు పానం పోయినట్టైతది. నాలుగడుగులేస్తే జర సదురుకుంటది. మల్ల గట్టెక్కాలన్నా, వాగుల దిగాలన్నా తుంటిల సూదులు గుచ్చినట్టే."

"గివన్నీ నీకు కుక్క చెప్పిందా?"

యాదయ్య పకపకా నవ్వాడు. బీరమ్మ నవ్వలేదు.

"చెప్పాల్నా? దగ్గర కూసుంటే తెలుస్తది."

దగ్గర కూర్చోవడమంటే అంతా ఇంతా కాదు. ఒళ్లు పెరిగితే బరువు తుంటి మీద పడుతుందని వాడికి సంకటి సగానికి తగ్గించింది. పడుకోవడానికి చలి తగలకుండా గడ్డి మీద గొంగడి పరిచింది. సాయంత్రాలు వాడి వీపు మీద చెయ్యి వేసి వాగు ఇసుకలో నడిపించేది. ఆ నడక ఊరంతా చూసింది. వాడు అడుగు తీసి అడుగు వేసేసరికి చూసేవాళ్లకే విసుగొచ్చేది. అలాంటి కుక్క కృష్ణ దాకా ఏం నడుస్తుంది? ఐలేశం మాటలోనూ న్యాయం లేకపోలేదు.

గొర్లు ఆకలికి అరుస్తున్నాయి. గొంగళ్లు, వంట సట్టెలు మూట కట్టుకుని పాలివాళ్లంతా బయటికొచ్చి నిలబడ్డారు. బీరమ్మ అందరినీ ఒకసారి చూసింది.

"పదిమందిల అడుగుతున్న, చెప్పు. బండిల వచ్చినా మందతోని వచ్చినట్టేనా, కాదా?"

"వచ్చినట్టే తల్లీ, వచ్చినట్టే! బండిల రానీ, పల్లకిల రానీ. పొద్దెక్కుతాంది, కదులు!" అని ఐలేశం విసుక్కున్నాడు.

బీరమ్మ గుమ్మం పట్టుకుని మెల్లగా లేచింది. అప్పటిదాకా కదలని పైల్వాన్ కూడా లేచాడు. ఎగిరి ఎక్కితే వాడి తుంటి పట్టేస్తుందని బండికి పలక వాలుగా వేయించింది. వాడి మెడ పట్టుకుని తనూ పలక మీదుగా ఎక్కి, పక్కన గడ్డిలో కూర్చుంది.

"నేను లేకుంటే దుంకుతడు" అంది.

"కుక్కకు దాసి గూడనా!" అని ఐలేశం మందను బాట పట్టించాడు.

ఎండ ముదిరేసరికి గుట్టల నడుమ బాటకు వచ్చారు. వెనకబడ్డ గొర్రెపిల్ల ఒకటి కీచుమంది. బండల చాటు నుంచి వచ్చిన తోడేలు దాని మెడ పట్టేసింది. ఐలేశం కేక పెట్టేలోపే బండి మీది నుంచి పైల్వాన్ ఒక్క దుముకు దుమికాడు. తోడేలు పిల్లను వదిలేసి గుట్టెక్కింది. పైల్వాన్ కూడా గుట్టెక్కాడు. దాన్ని అవతలి వైపుకు తరిమి, బండల మీంచి గెంతుకుంటూ దిగి వచ్చి బండి పక్కన తోక ఊపుతూ నిలబడ్డాడు. ఎక్కడా కుంటడం లేదు.

ఐలేశం గొర్రెపిల్లను ఎత్తుకుని వచ్చాడు. పిల్ల బతికింది. అంతకన్నా వదినె పొద్దున పెట్టిన పోరంతా ఉత్తదని తేలినందుకు అతని మొహం వెలిగిపోయింది.

"చూసినవా వదినె, నీ రోగిష్టి పైల్వాన్‌ను! దొంగ సచ్చినోడు మస్తుగున్నడు. దిగు, బండిని వాపస్ పంపుదాం. యాదయ్యా, పలక ఎయ్యి!"

యాదయ్య పలక వేశాడు. బీరమ్మ దిగలేదు. ఎడమ తుంటిని ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో గడ్డిలోంచి మంద కర్ర తీసి బాట ముందుకు చూపించింది.

"వాని నొప్పి దీపావళికే తగ్గింది ఐలేశం, గప్పటి సంది ఆముదమంతా నా తుంటికే, వాడు మెల్లగ నడిచింది నా కోసమే, బండిల వచ్చినా మందతోని వచ్చినట్టేనని పదిమందిల అన్నది నువ్వే గదా, ఇంక తోలు."