మూడో గడి

హనుమకొండలోని మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆ సాయంత్రం ఏడింటికే కరెంటు పోయింది. అందరూ ఇళ్లకు వెళ్లారు. నేను ఉండిపోయాను. తెల్లారితే హయ్యర్ పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు అక్షరాల తప్పులతోనే ఫెయిలయ్యాను.

"చీకటైతే ఏంది బిడ్డా, చూడకుంట కొట్టుడే గద మన పని," అంటూ లింగమూర్తి సారు లాంతరు కోసం కిందికి దిగారు.

పేర్లు, ఊళ్లు ఉన్న పట్టిక నాకు కంఠతా వచ్చు. పట్టికకు రెండే గడులు. పేరు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే చాలు, కాగితాన్ని పట్టుకున్న క్యారేజీ ఒక్క జారుడులో రెండో గడికి పోయి ఆగుతుంది. స్పేసు పదిసార్లు కొట్టే పని లేదు.

నాలుగో వరుసలో ఊరు కొట్టాక, మీట ముట్టకముందే క్యారేజీ మళ్లీ జారింది. నేను ట్యాబ్ పెట్టని మూడో చోట ఆగింది. నా వేళ్లు గాలిలోనే ఉన్నాయి. కాగితం మీద కొన్ని అక్షరాలు మెత్తగా, చినుకుల్లా పడ్డాయి.

ఏడో వరుసలోనూ అంతే. భయపడాల్సింది. కానీ ఆ చప్పుడు ఎవరో జోకొడుతున్నట్టుంది. చివరిదాకా కొట్టాను.

సారు లాంతరు తెచ్చారు. కాగితం చూశాను. నేను తప్పు కొట్టిన ప్రతి పేరుకూ ఎదురుగా, మూడో గడిలో సరైన పేరు ఉంది. మిగతా వరుసల్లో ఆ గడి ఖాళీ.

పరీక్షకు ఎవరి మిషన్ వాళ్లే ఇన్‌స్టిట్యూట్ నుంచి తీసుకుపోవాలి.

"పొద్దుగాల ఏ మిషన్ రిక్షాల ఎక్కియ్యాలె బిడ్డా?"

కాగితం మడిచి గుప్పిట్లో దాచుకున్నాను.

"ఇదే సార్."

"మంచిగ నడుస్తాందా?"

"నాకంటే మంచిగ నడుస్తాంది."