కాకి ముట్టని ముద్ద

తండ్రి సంవత్సరీకం నాడు నరసింగరావు డాబా మీద అన్నం ముద్ద పెట్టి చేతులు జోడించాడు.

"కళ్లు మూసుకోరా, కాకి బెదిరిపోతాది," అంది వెనక నిలబడ్డ తల్లి జగ్గమ్మ.

అరగంటయినా కాకి ముట్టలేదు. అది ముడితేగానీ కింద విస్తళ్ల ముందు కూర్చున్న చుట్టాలకి భోజనం లేదు.

"నాన్నా, నీ పేరున సలివేంద్రం పెడతాను," అన్నాడు. కాకి రాలేదు. "తమ్ముడితో మళ్లీ మాటాడతాను." అయినా రాలేదు.

"సచ్చిపోయినోడికి అన్నం పెడతన్నావు, బతికున్న నాకు రెండు నెల్లయి కేబేజీ పెడతన్నావు. ఆయన ఎలా ముడతాడ్రా?"

"నీకు కొలెస్ట్రాల్ ఉన్నాదమ్మా! అన్నమే విషమని వీడియోలో డాక్టరు సెప్పినాడు."

"నాకెందుకు సెప్తావు? ఆ కాకికి సెప్పు."

"ఏటిరా, ముట్టిందా?" అని కింద నుంచి మళ్లీ కేక. నరసింగరావుకి చెమటలు పట్టాయి.

"సరే నాన్నా! ఈ పూట నుంచే అమ్మకి అన్నం పెడతాను!"

టపటపా రెక్కల చప్పుడైంది. కళ్లు తెరిస్తే కాకి ముద్దని పొడుచుకు తింటోంది. "నాన్నే!" అంటూ నరసింగరావు కళ్లు తుడుచుకున్నాడు.

అంతసేపూ కాకుల్ని అదిలించిన కర్రని జగ్గమ్మ మెల్లగా నీళ్ల ట్యాంకు వెనక్కి తోసేసింది.